బస్ట్ హాఫ్ డాలర్ల డై రకాలు: కొత్తగా సేకరించేవారికి ఒక సమాధానం

మీ ప్రశ్నలో మూడు సంగతులు ఉన్నాయి. 1826 నాటి అమెరికన్ హాఫ్ డాలర్ ఒకటి కొన్నారు. అమ్మినాయన దాని కవరు మీద ‘ఓ’ అని రాసి, పక్కన మూడంకెల సంఖ్య వేసి, అది అరుదైన రకమని చెప్పి నలభై డాలర్లు అదనంగా తీసుకున్నాడు. ఆ సంఖ్య దేనికి గుర్తు, ఆ నలభై డాలర్లు న్యాయమేనా, ఇలా డైల (నాణెం మీద బొమ్మను ముద్రించే ఉక్కు అచ్చుల) తేడాలను బట్టి సేకరించాలనుకుంటే తొలినాటి వెండి నాణేల్లో దేనితో మొదలుపెట్టాలి అని అడిగారు. ఇరవై ఏళ్ళకు పైగా ఈ ఒక్క నాణెం చుట్టూనే తిరుగుతున్నవాణ్ణి కనుక కాస్త విస్తరించి రాస్తాను. నా అభిప్రాయం మాత్రం ముందే చెప్పేస్తాను: కవరు మీది సంఖ్యకు డబ్బు పెట్టకండి, ఆ సంఖ్య సరైనదో కాదో మీ కంటితో మీరే తేల్చుకోగలిగిన రోజున పెట్టండి.

ఆ ‘ఓ’ అనేది ఆల్ సి. ఓవర్టన్ అనే ఆయన ఇంటిపేరులోని మొదటి అక్షరం. 1794 నుంచి 1836 వరకు వచ్చిన హాఫ్ డాలర్ల డై రకాలకు వరసగా సంఖ్యలిచ్చి ఆయన 1967లో ప్రచురించిన జాబితానే, తర్వాతి కూర్పులతో కలిపి, ఈ రంగంలో నేటికీ ప్రమాణం. ప్రతి సంవత్సరానికీ లెక్క 101తో మొదలవుతుంది. బొమ్మ వైపు డై ఒకటి, బొరుసు వైపు డై ఒకటి కలిసి ప్రెస్సులో పనిచేస్తే ఆ జతకు ఒక సంఖ్య. జతలో ఏ ఒక్కటి మారినా సంఖ్య మారుతుంది. సంఖ్య చివర ‘ఏ’ అనో ‘బి’ అనో కనిపిస్తే, జత పాతదే గానీ డై పగిలిందనో, అరిగిందనో, సానపట్టారనో అర్థం.

ఇన్ని రకాలు ఎందుకు పుట్టాయంటే, అప్పటి ఫిలడెల్ఫియా టంకశాలలో డై తయారీలో సగం పని యంత్రానిది కాదు, చేతిది. 1807లో జాన్ రైక్ అనే జర్మన్ చెక్కడపు పనివాడు కొత్త నమూనా తయారు చేశాడు: ఎడమవైపు చూస్తున్న, టోపీ ధరించిన స్వేచ్ఛాదేవి ఒకవైపు, బాణాలూ ఆలివ్ కొమ్మా పట్టిన గద్ద మరోవైపు. తల బొమ్మను, గద్దను, మొన మీద ఆకారం చెక్కిన ఉక్కు కడ్డీలైన పెద్ద పంచ్‌లతో మెత్తని ఉక్కు దిమ్మలోకి ఒకే అచ్చుగా దించేవారు. అందుకే ఒకే కాలపు నాణేలన్నిటి మీదా దేవి ముక్కు ఒకేలా ఉంటుంది. మిగిలిందంతా ఒక్కొక్కటిగా సుత్తితో కొట్టవలసిందే. బొమ్మ వైపు పదమూడు నక్షత్రాలు, నాలుగు అంకెలు. బొరుసు వైపు ‘యునైటెడ్ స్టేట్స్ ఆఫ్ అమెరికా’కు ఇరవై ఒక్క అక్షరాలు, విలువ తెలిపే 50కి రెండు అంకెలు, సెంట్లకు గుర్తుగా ఒక ‘సి’ అక్షరం. అంటే ఒక జతకు చేత్తో వేసిన గుర్తులు నలభై ఒకటి. మనిషి చెయ్యి నలభై ఒక్క చోట్ల రెండుసార్లు వెంట్రుకవాసి తేడా లేకుండా పడదు. ఒక నక్షత్రం కొస అంచు పంటికి (నాణెం అంచు వెంట వరసగా ఉండే చిన్న ఉబ్బుల్లో ఒకదానికి) ఎదురుగా పడితే, మరో డై మీద అదే కొస రెండు పళ్ళ మధ్య సందులో పడుతుంది. గుర్తుపట్టే విద్య అంతా ఆ వెంట్రుకవాసి మీదే నడుస్తుంది. పైగా బొమ్మ అరిగినా అక్షరాల మధ్య దూరం అరగదు కనుక, బాగా చెలామణి అయిన చౌక నాణేన్ని కూడా నిక్కచ్చిగా గుర్తుపట్టవచ్చు.

ఇక ఏ నాణెంతో మొదలుపెట్టాలి? నేనైతే మారుమాట లేకుండా ఈ టోపీ దేవత హాఫ్ డాలర్లే, అంటే బస్ట్ హాఫ్ డాలర్లే అంటాను. 1807 నుంచి 1836 వరకు అంచు మీద అక్షరాలతో వచ్చినవి. తొలి వెండి డాలర్లు, 1794 నుంచి 1803 తేదీ దాకా వచ్చినవి, చూడముచ్చటగా ఉంటాయి గానీ అరిగినది కూడా నెల జీతాన్ని తడుముతుంది. 1794 డాలర్లయితే మొత్తం 1,758 మాత్రమే టంకశాల నుంచి బయటికి వచ్చాయి, అవన్నీ ఒకే డై జత నుంచి వచ్చినవి, కనుక అక్కడ పోల్చి నేర్చుకోవడానికి ఏమీ లేదు. క్వార్టర్లు (పావు డాలర్లు) మధ్యలో ఏళ్ళ తరబడి ముద్రించనే లేదు. డైమ్‌లు, హాఫ్ డైమ్‌లు (పది సెంట్లవి, అయిదు సెంట్లవి) మంచి మైదానాలే, వాటికి వేరే సంఖ్యల పద్ధతులు ఉన్నాయి, కానీ నాణెం చిన్నది కావడంతో కొత్తవారి కంటికి శ్రమ. హాఫ్ డాలర్ వెడల్పు 32.5 మిల్లీమీటర్లు, బరువు 13.48 గ్రాములు. అంటే మన తులానికి ఇంకాస్త పైన. అరచేతిలో పెట్టుకుంటే మాటకు తగ్గ బరువు తెలుస్తుంది.

ఇంకో కారణం చరిత్రలో ఉంది. 1804 తర్వాత మూడు దశాబ్దాల పాటు వెండి డాలర్ల ముద్రణ ఆగిపోయింది. దాంతో దేశంలో తయారయ్యే వెండి నాణేల్లో పెద్దది హాఫ్ డాలరే అయింది. బ్యాంకులు దాన్నే సంచులకెత్తి నిల్వగా పెట్టుకున్నాయి. సంచులు ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు కదిలేవే తప్ప నాణెం జనం చేతుల్లో అంతగా నలగలేదు. రోజువారీ బేరాల్లో స్పానిష్ వెండి ఎక్కువగా తిరిగేది. అది 1857 దాకా అమెరికాలో చట్టబద్ధంగానే చెల్లింది. ఆ పుణ్యమా అని మన హాఫ్ డాలర్లు మంచి స్థితిలో, మంచి సంఖ్యలో మిగిలాయి. సాధారణ సంవత్సరానిది, అరిగినా శుభ్రంగా ఉన్నది, నూరు డాలర్ల చుట్టుపక్కల దొరుకుతుంది. 1807 నుంచి 1836 వరకు డై జతలు సుమారు 450. జీవితకాలం సరిపోయేంత ఎక్కువ, నిస్పృహ చెందనంత తక్కువ.

ఒక్క సంవత్సరాన్ని పట్టుకుని దిగండి అని కూడా చెబుతాను. నేను 1827తో దిగాను. ఆ ఏడాది లెక్కల ప్రకారం 54,93,400 హాఫ్ డాలర్లు వచ్చాయి; డై జతలు యాభైకి దగ్గరగా ఉన్నాయి; సగటున జతకు లక్షకు పైగా నాణేలన్నమాట. అయితే అది సగటు మాత్రమే. ఒక డై రెండు లక్షలు కొట్టి ఉండవచ్చు, ఇంకొకటి మొదటి వారంలోనే చీలిపోయి ఉండవచ్చు. అరుదుదనం పుట్టేది అక్కడే. ఏమీ తెలియకుండా మొదటి రెండేళ్ళలో 1827వి పదకొండు కొన్నాను. తర్వాత ఒక శనివారం అన్నింటినీ నల్లటి గుడ్డ మీద పరిచి పోల్చితే, నాలుగు ఒకే జతవని తేలింది. డబ్బు వృథా అయిందని చిన్నబుచ్చుకుంటూ మరోసారి భూతద్దం పెట్టి చూశాను. మొదటి దాని మీద గీత లేదు. రెండో దాని మీద తేదీ కింద నుంచి తల వెంట్రుకంత సన్నని మిట్ట గీత ఒకటి బయలుదేరింది. మూడో దాని మీద అది ఒకటో నక్షత్రాన్ని తాకి రెండోదాని దాకా పాకింది. నాలుగోది మూడోదాని లాంటిదే. ఒకే ఉక్కు దిమ్మ పగులుతూ పోవడం నా బల్ల మీద వరసగా పేర్చి ఉంది. ఆ నాలుగింటిలో మూడు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి, నాలుగోదాన్నే అమ్మాను.

ఆ మిట్ట గీత సంగతి మొదట నేర్చుకోవలసింది. డైలో పగులు వస్తే, కొట్టేటప్పుడు వెండి ఆ పగులులోకి దూరుతుంది కనుక నాణెం మీద అది ఉబ్బెత్తుగా ఉంటుంది. నాణెం మీద గీత లోపలికి దిగి ఉంటే అది డై చేసినది కాదు, ఎవరో గీకినది. 1790ల నాణేల్లో మాత్రం ఇంకో రకం పల్లపు గీతలు కనిపిస్తాయి. అవి బరువు ఎక్కువైన బిళ్ళను ముద్రించే ముందు ఆకురాయితో రాసి తూకానికి తెచ్చినప్పటివి. టంకశాలలోనే పడ్డాయి కనుక వాటిని దెబ్బగా లెక్కించరు. ప్రెస్సులో బిళ్ళ లేకుండానే రెండు డైలూ ఢీకొంటే ఒకదాని రూపం ఇంకోదానిలో లీలగా దిగుతుంది. అప్పుడు గద్ద రొమ్ము మీది డాలు గీతలు దేవి బొమ్మ పక్కన ఖాళీ చోట నీడల్లా తేలుతాయి. కొత్తవారు వీటిని మరకలనుకుని రుద్దబోతారు. దయచేసి రుద్దకండి.

గుర్తుపట్టే పద్ధతి నేను చేసే వరసలోనే చెబుతాను. ఏడు నుంచి పది రెట్లు పెద్దది చేసే భూతద్దం, ఒక పక్క నుంచి పడే పాత రకం బల్బు వెలుగు ఉంటే చాలు. ముందు బొరుసు వైపు తిప్పండి. గద్ద తలపైన లాటిన్ సూక్తి రాసిన పట్టీ ఉంటుంది. ఆ సూక్తిలోని రెండో పదంలో ఉన్న ‘ఐ’ అక్షరమూ, దాని పైన అంచు దగ్గర ‘యునైటెడ్’లోని ‘టి’ అక్షరమూ ఒకదానికొకటి ఎక్కడ ఉన్నాయో చూడండి. ‘ఐ’ సరిగ్గా ‘టి’ కాడ కింద ఉందా, కుడి సగం కింద ఉందా, ఎడమ కొస కింద ఉందా, అసలు పక్కకు పోయిందా? ఈ ఒక్క ప్రశ్నతోనే ఒక సంవత్సరపు బొరుసు డైలు సగానికి పైగా పక్కకు తప్పుకుంటాయి. తర్వాత కింద 50 దగ్గర సున్నా అయిదు కన్నా ఎత్తుగా ఉందా, ‘సి’ ఎంత దూరంలో ఉంది చూడండి. డాలు మీది నిలువు గీతలు పైన అడ్డగీతల్లోకి ఎన్ని దూసుకుపోయాయో లెక్కపెట్టండి. అప్పుడు బొమ్మ వైపుకు వచ్చి తేదీలోని అంకెల మధ్య సందులు, ఒకటో నక్షత్రం, పదమూడో నక్షత్రం కొసలు అంచు పళ్ళకు ఎలా ఎదురయ్యాయో చూస్తే జత దాదాపు తేలిపోతుంది. విరిగిన అక్షరం కనిపించగానే సంబరపడిపోవద్దు. అక్షరపు పంచ్ కొస విరిగితే, ఆ పంచ్‌తో కొట్టిన డైలన్నిటి మీదా అదే లోపం వస్తుంది. అది కాలాన్ని చెబుతుంది గానీ డైని చెప్పదు.

నాణెం అంచు మీద విలువను మాటల్లో రాసిన అక్షరాలు ఉంటాయి. అవి బిళ్ళను ముద్రించక ముందే వేరే యంత్రంలో రెండు పట్టీల మధ్య దొర్లించి వేసినవి. కాబట్టి అంచు అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నా, ఓవర్టన్ సంఖ్యకూ దానికీ సంబంధం లేదు. 1836లో ఆవిరి ప్రెస్సు వచ్చి, అదే ఏడాది చివర్లో గరుకు అంచు హాఫ్ డాలర్ మొదలయ్యాక ఆ అక్షరాలూ పోయాయి.

చేతిపని కనుక పొరపాట్లు తప్పలేదు, వాటిలోనే సరదా కూడా ఉంది. 1807లో ఎవరో 50 కొట్టబోయి ముందు 2 కొట్టేశారు. దానిమీదే 5 దిద్దారు. భూతద్దం లేకుండానే కనిపిస్తుంది. 1813లో ఒక డై మీద దేశం పేరును పొరపాటున తలకిందులుగా, విలువ ఉండవలసిన చోట మొదలుపెట్టి, మూడు అక్షరాలయ్యాక నాలుక్కరుచుకుని ఆపేశారు. ఆ మూడూ 50 వెనక ఇప్పటికీ కనిపిస్తాయి. 1836లో 50 బదులు రెండు సున్నాలు పడ్డాయి. తేదీ మీద తేదీ కొట్టినవి వేరే తరహా. అవి పొరపాట్లు కావు, పొదుపు. పాత ఏడాది డై వాడకుండా మిగిలిపోతే చివరి అంకె మీద కొత్త అంకె కొట్టి పనికి పెట్టేవారు. 1815 హాఫ్ డాలర్ ప్రతిదీ అలాంటిదే: 1812 డై మీద 5 దిద్దారు, మొత్తం 47,150 వచ్చాయి. 1816 జనవరిలో టంకశాలలో మంటలు రేగి పని దెబ్బతినడంతో ఆ సంవత్సరపు తేదీతో హాఫ్ డాలరే లేదు. 1814 డై మీద 7 కొట్టిన 1817 రకం అన్నిటికన్నా పేరుమోసినది. తెలిసినవి పన్నెండుకు అటూ ఇటూ మాత్రమే. దాని బొమ్మ డై నిలువునా చీలింది. మీకు దొరుకుతుందని ఆశపెట్టను గానీ, 1817 నాణెం ఏది చేతికొచ్చినా ఆ 7 కింద చూడకుండా కింద పెట్టకండి. నేను ఇప్పటికీ చూస్తాను.

అరుదుదనాన్ని ‘ఆర్’ అక్షరంతో ఒకటి నుంచి ఎనిమిది వరకు చెబుతారు. ఈ కొలతను షెల్డన్ అనే ఆయన పాత రాగి సెంట్ల కోసం తయారు చేశాడు. ఆర్-1 అంటే వెయ్యికి పైగా మిగిలినవి. ఆర్-5 అంటే సుమారు ముప్పై నుంచి ఎనభై. ఆర్-6 అంటే పదమూడు నుంచి ముప్పై. ఆర్-7 అంటే నాలుగు నుంచి పన్నెండు. ఆర్-8 అంటే మూడుకు మించవు. ఇది మిగిలిన నాణేల అంచనా మాత్రమే, ముద్రించినవాటి లెక్క కాదు. ఆ అంచనా ఒకవైపే జారుతుంది: వెతికేవారు పెరిగేకొద్దీ ఇంకా కొన్ని బయటపడతాయి, ఆర్-7 మెల్లగా ఆర్-6కు దిగుతుంది. పైమెట్టు ధర పెట్టి కొన్నవారు కిందిమెట్టు ధరకు అమ్ముకోవలసి వస్తుంది. నా అనుభవంలో ఆర్-3 వరకు సంఖ్యకు అదనంగా ఇవ్వవలసింది సున్నా. ఆర్-4కు నాణెం బాగుంటే కొద్దిగా. ఆర్-5 నుంచే అసలు బేరం. మీ 1826 మాటకు వస్తే, ఆ సంవత్సరపు రకాల్లో ఎక్కువ భాగం సులభంగా దొరికేవే. ఫలానాది అరుదని రుజువయ్యేదాకా ఆ నలభై డాలర్లు ఎక్కువే ఇచ్చారని నా లెక్క.

నేనూ ఇలాగే మోసపోయాను కనుక ఈ మాట ఇంత గట్టిగా చెబుతున్నాను. చాలా ఏళ్ళ కిందట ఒక నాణేల సంతలో ఆర్-5 అని చీటీ అంటించిన 1830ల నాణెం ఒకటి, అసలు ధరకు మూడింతలు పెట్టి కొన్నాను. అమ్మినాయన పెద్దవాడు, చేతిరాత ముచ్చటగా ఉంది, అడగడానికి మొహమాటపడ్డాను. ఇంటికొచ్చి ‘టి’ కింద ‘ఐ’ చూడగానే అది వేరే బొరుసు డై అని, ఎక్కడ పడితే అక్కడ దొరికేదని తెలిసింది. ఆయన దురుద్దేశంతో రాశాడనుకోను. ముప్పై ఏళ్ళ కిందటి మరో చీటీని చూసి ఎత్తి రాసి ఉంటాడు. దీనికి తిరగేసిన నిజం కూడా ఉంది. నాణేలను పరీక్షించి స్థాయి నిర్ణయించే పీసీజీఎస్, ఎన్జీసీ లాంటి సంస్థలు ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి ఇచ్చే నాణేల మీద, ఎవరైనా అదనపు రుసుము కట్టి అడిగితే తప్ప, ఓవర్టన్ సంఖ్య ఉండదు. అమ్మేవారికీ చూసే తీరిక ఉండదు. అరుదైన జతలు సాధారణ ధరకు అలా పడి ఉంటాయి. కన్ను తయారైతే పెట్టిన శ్రమంతా అక్కడ తిరిగొస్తుంది.

రకం ఎంత అరుదైనా నాణెం పరిస్థితి బాగాలేకపోతే వదిలేయమంటాను. వెండి కంచాన్ని పండక్కి ముందు చింతపండుతోనో విభూతితోనో తోమి తళతళలాడించడం మన ఇళ్ళలో మంచి అలవాటే. నాణేనికి మాత్రం అది ఘోరం. తోమిన నాణెం మీద వెలుగు చక్రంలా తిరగదు, చదునుగా, చచ్చినట్టు మెరుస్తుంది. భూతద్దంలో ఒకే దిశలో వేల సన్న గీతలు కనిపిస్తాయి. రెండు శతాబ్దాల గాలికి పట్టిన బూడిద రంగు, నీలపు ఛాయ, అంచుల దగ్గర ముదురు గోధుమ రంగు ఉన్నదాన్నే వెతకండి. నకిలీల విషయంలో బరువే మొదటి పరీక్ష. నగల దుకాణాల్లో వాడే చిన్న తూకం చాలు. ఆ కాలంలోనే జనాన్ని మోసం చేయడానికి తయారైన దొంగ హాఫ్ డాలర్లు చాలా ఉన్నాయి, ముఖ్యంగా 1830ల తేదీలతో, కొన్ని మన పూజ సామాన్ల దుకాణాల్లో కనిపించే జర్మన్ సిల్వర్ లాంటి లోహంతో చేసినవి. వాటినే పనిగట్టుకుని సేకరించేవారూ ఉన్నారు. ఈ మధ్య తయారయ్యే నకిలీలు వేరు. పేరు తెలియని వెబ్‌సైట్లలో సగం ధరకు వచ్చేవి చూడనే వద్దు.

ఓవర్టన్ పుస్తకం కొనాలా అంటే, కొనాలి; నాణెం కన్నా ముందు కొనాలి. అంతవరకు వేలం సంస్థల పాత ఫొటోలను ఉచితంగా చూడవచ్చు. సంఖ్య పేర్కొన్న స్పష్టమైన ఫొటోలు వేలల్లో ఉంటాయి. అమెరికన్ న్యూమిస్మాటిక్ అసోసియేషన్‌లో చేరితే గ్రంథాలయం పుస్తకాలను పోస్టులో అరువిస్తుంది. తొలి వెండి నాణేల మీద 1984 నుంచి పనిచేస్తున్న జాన్ రైక్ కలెక్టర్స్ సొసైటీ చందాకు మించి పనికొస్తుంది. హాఫ్ డాలర్ల పిచ్చివాళ్ళమని తమ పేరులోనే చెప్పుకునే చిన్న సంఘం ఇంకొకటి ఉంది. నూరు రకాలు కూడబెట్టినవారినే చేర్చుకుంటారు. నూరు చేరడానికి నాకు తొమ్మిదేళ్ళు పట్టింది.

మీరు పెట్టిన రెండు ఫొటోల్లో బొమ్మ వైపుది బాగుంది. నక్షత్రాల కొసలు చదవగలుగుతున్నాను. బొరుసు వైపు ఫ్లాష్ వెలుగు సరిగ్గా పట్టీ మీద పడి ‘ఐ’ కనిపించడం లేదు. ప్లాస్టిక్ కవరులోంచి తీసి, అంచులు మాత్రమే పట్టుకుని, దీపాన్ని గడియారంలో పది ఉండే వైపు నుంచి ఏటవాలుగా పడేట్టు పెట్టి, ఫ్లాష్ ఆపేసి మరో ఫొటో తీయండి. 50 దగ్గర నుంచి ఒకటి, ‘టి’ చుట్టూ ఒకటి విడిగా. బరువు కూడా రాయండి. ఆలోగా మీరే ఆ ‘ఐ’ని చూసి ఎక్కడుందో మీ మాటల్లో ముందుగా రాసి పెట్టుకోండి, ఆ తర్వాతే నా జవాబు చదవండి.